పెరటి కోళ్లు, కాపలా కుక్క: మీరడిగారు, మేం చెప్తున్నాం

ప్రశ్న: జనగామ దగ్గర అరెకరంలో ఇల్లు కట్టుకుని ఏడాదైంది. 12 నాటు పెట్టలు, ఒక పుంజు, ఊళ్లో దొరికితే తెచ్చుకున్న కుక్కపిల్ల ఉన్నాయి. దానికిప్పుడు ఎనిమిది నెలలు. మొన్న పెళ్లికెళ్లి వచ్చేసరికి మూడు పెట్టలు చచ్చి పడున్నాయి. ఒక్కదాన్నీ తినలేదు. చచ్చిన కోడిని రెండు రోజులు దాని మెడకి కడితే బుద్ధొస్తుందని మా అత్తగారు, ఎవరికైనా ఇచ్చేద్దామని మా ఆయన. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ మెడకి కట్టే పని మానేయండి. మా చిన్నప్పుడు మా ఇంట్లో ఇదే చేశారు, రెండో రోజుకి ఆ కంపుకి వీధి కుక్కలన్నీ గేటు ముందు చేరాయి, మా కుక్కేమో మెడలో ఉన్నదాన్నే హాయిగా నాకుతూ కూర్చుంది. పొద్దున చేసిన పనికి సాయంత్రం శిక్ష వేస్తే కుక్కకి అర్థం కాదు. మీ అత్తగారికి ఈ మాట మీరు కాదు, మీ ఆయన చెబితే మంచిది!

తినకుండా వదిలేసిందంటే ఆకలితో చేసింది కాదు. ఎనిమిది నెలలంటే కుర్రతనం, ఎదురుగా రెక్కలు కొట్టుకుంటూ ఏదైనా పరిగెత్తితే వెంటపడకుండా ఉండలేదు, పట్టుకుని కుదిపితే అది కదలడం మానేస్తుంది, ఇక పక్కదాని మీదికి పోతుంది. ఆ వయసు పిల్లని కోళ్లతో వదిలేసి రోజంతా పెళ్లికి వెళ్లడం మీ పొరపాటే, ఏమనుకోవద్దు. కనీసం ఏడాదిన్నర, రెండేళ్లు వచ్చేదాకా మనిషి లేకుండా రెంటినీ ఒకచోట ఉంచకండి.

అలవాటు చేయడం ఇలా. ముందు దాన్ని బాగా తిప్పి అలసిపోనివ్వండి, కడుపు నింపండి, తర్వాత తాడు చేత్తో పట్టుకుని కోళ్లున్న జాలీకి దూరంగా కూర్చోండి. చెవులు రిక్కించి కోళ్లనే చూస్తోందంటే ఇంకాస్త వెనక్కి జరగండి. చూపు తిప్పుకుని మీ వైపు చూసినా, కింద పడుకున్నా వెంటనే చిన్న రొట్టెముక్క. రోజూ పది పదిహేను నిమిషాలు చాలు, కానీ నెలల తరబడి చేయాలి, నాలుగు రోజులు చేసి వదిలేస్తే లాభం లేదు. కొట్టకండి, కొడితే మీరు లేనప్పుడు చేయాలని మాత్రమే నేర్చుకుంటుంది. కోడిని కోసినప్పుడు ఈకలు, పేగులు దాని ముందు పడేయకండి. ఉడికిన ఎముకలు అసలే వద్దు, చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి.

కొన్ని కుక్కలు ఎంత చేసినా మారవు, నిజమే. అప్పుడు కూడా ఇచ్చేయక్కర్లేదు, వంతులు పెట్టండి: కోళ్లు తిరిగే వేళ కుక్క కట్టు మీద, కోళ్లు గూట్లో పడ్డాక కుక్క బయట. రాత్రి అడవిపిల్లిని తరిమేది ఆ కుక్కే కదా. జాలీని నేలలోకి అడుగు లోతు పాతండి, లేకపోతే తవ్వుకుని దూరుతుంది. రేబిస్ టీకా వేయించారో లేదో మీరు రాయలేదు. వేయించకపోతే ఈ వారమే వేయించండి, తర్వాత ఏటా మర్చిపోవద్దు.

ప్రశ్న: పది రోజులుగా గంపలో గుడ్లు మాయం. పెంకులు కూడా ఉండటం లేదు. మా కుక్కే అని అనుమానం. (కొవ్వూరు వైపు నుంచి)

జవాబు: పాపం, ప్రతిదానికీ కుక్కేనా! కుక్క తింటే చాలాసార్లు పెంకు ముక్కలో తడి మరకో మిగులుతుంది. కాకి పొడిస్తే చిల్లు పడిన పెంకు దొరుకుతుంది. కోడే తింటుంటే ముక్కుకి సొన ఎండి అంటుకుని ఉంటుంది. ఆనవాలే లేదంటే పాము మింగి ఉండొచ్చు. జెర్రిపోతైతే విషం లేదు, ఎలుకల్ని కూడా తింటుంది, చంపకండి, గూటి కన్నాలు మూసి గుడ్లు పూటపూటా తీసేయండి. అసలు పెట్ట గంపలో పెట్టడమే మానేసిందేమో కూడా చూడండి. మా ఎర్రపెట్ట గుడ్లు మానేసిందని నెల రోజులు తిట్టుకున్నాను, చివరికి కొబ్బరి మట్టల వెనక 14 గుడ్ల మీద పొదుగుతూ కనిపించింది. మధ్యాహ్నం దాని వెనకే మెల్లగా నడవండి, దొంగతనం బయటపడుతుంది.

ప్రశ్న: పక్కింటి కోళ్లు ఆకుపచ్చగా పారుకుని, మెడలు మెలితిరిగి చచ్చిపోతున్నాయి. మావాటికి ఏ మందు వేయాలి?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు కొక్కెర తెగులువి, రాణిఖేత్ అంటారే అదే. వచ్చాక మందు లేదు, రాకముందు టీకానే. కోడిపిల్లలకి 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా అనే టీకా కంట్లో ఒక చుక్క, నాలుగు వారాలకి మళ్లీ, ఎనిమిది వారాలప్పుడు ఆర్‌2బి అనే టీకా సూది. అయితే ఒకేసారి గుంపుగా చస్తుంటే సొంత వైద్యం చేయకండి, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ ఎంత పని చేసిందో చూశాం, ముందు పశువుల డాక్టరుకి చెప్పండి. చచ్చిన కోళ్లని చేత్తో ముట్టుకోవద్దు, కాల్వలో పడేయొద్దు, సున్నం చల్లి లోతుగా పాతాలి, మీ కుక్క అక్కడ తవ్వకుండా పైన బండ పెట్టండి. మీవి ఇంకా ఆరోగ్యంగా ఉంటే టీకా ఎప్పుడు వేయాలో కూడా ఆయన్నే అడగండి. ఒక్కో సీసాలో వందల కోళ్లకి సరిపడా టీకా మందు ఉంటుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి, కాబట్టి నలుగురిళ్ల వాళ్లు కలిసి ఒకటి కొనుక్కుని ఐసు వేసిన ఫ్లాస్కులో తెచ్చుకోండి.