ఎలాగూ మేలుకునే ఉంటాడు, నైట్ షిఫ్ట్‌లో చేరమనవచ్చా?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ పూర్తి చేశాడు. ఒక ఆన్‌లైన్ షాపింగ్ కంపెనీ కస్టమర్ సపోర్ట్‌లో నైట్ షిఫ్ట్ ఉద్యోగం వచ్చింది. అలవెన్స్ కూడా ఇస్తారట. ఎలాగూ రాత్రి రెండింటి దాకా ఫోన్ చూస్తూ మేలుకునే ఉంటాడు. చేరమనవచ్చా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, ‘ఎలాగూ మేలుకునే ఉంటాడు’ అన్న మాట దగ్గరే నాకు భయం వేసింది. మీ అబ్బాయికి రాత్రి పని సరిపడుతుందనడానికి అది గుర్తు కాదు. ఒక వీడియో అవగానే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది. అర్ధరాత్రి దాటాక కూడా ‘ఈ ఆఫర్ ఇంకో గంటే’ అంటూ ఫోన్ మోగుతుంది. తమకు పోటీ నిద్రేనని నెట్‌ఫ్లిక్స్ అప్పటి అధినేత రీడ్ హేస్టింగ్స్ 2017లో బాహాటంగానే అన్నారు. నిద్రపోయే మనిషి ఏదీ కొనడు, చూడడు. అందుకే అందరి కన్నూ ఆ ఏడెనిమిది గంటల మీద పడింది. అర్ధరాత్రి కొనేవాళ్లు ఉంటే వాళ్లకు జవాబు చెప్పడానికి ఇంకొకరు మేలుకోవాలి. ఇప్పుడు మీ అబ్బాయిని పిలుస్తున్నది ఆ కుర్చీలోకే.

నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఇలాంటి ఉద్యోగమే చేసేవాడు. పొద్దున కిటికీకి దుప్పటి కట్టుకుని పడుకునేవాడు. పన్నెండు కాకుండానే కాలింగ్ బెల్లో, ఫోనో లేపేసేది. సెలవు రోజున ఇంట్లోవాళ్లతో మాట్లాడుతూ మాట్లాడుతూనే కునుకు తీసేవాడు. అది బద్ధకం కాదు. ఒంట్లో ఉండే గడియారం వెలుతురును బట్టి నడుస్తుంది, డ్యూటీ చార్ట్‌ను బట్టి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం నైట్ షిఫ్ట్ పనిని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అని 2007లో వర్గీకరించింది, 2019లో మళ్లీ అదే చెప్పింది. కొన్నాళ్లు చేస్తే జబ్బు వచ్చేస్తుందని కాదు, ఏళ్ల తరబడి చేసేది మాత్రం కాదు.

ఇంట్లో డబ్బు ఇబ్బంది మరీ లేకపోతే, ఇంకో రెండు మూడు నెలలు పగటి ఉద్యోగం వెతకమనే చెబుతాను. చేరక తప్పదంటే ముందే హెచ్‌ఆర్‌ని అడిగించండి: వరుసగా ఎన్ని రాత్రులు? షిఫ్ట్ ఎన్నాళ్లకు మారుతుంది? డే షిఫ్ట్‌కి ఎప్పుడు మారవచ్చు? జవాబులు మాటతో సరిపెట్టకుండా మెయిల్‌లో తీసుకోమనండి. ఏడాదికి మించి ఉండకూడదని అబ్బాయీ మీరూ ఇప్పుడే అనుకోండి.

ఆఫర్‌కి ఒప్పుకునే ముందు రెండు వారాలు గడువు అడగమనండి. ఆ రెండు వారాలూ రాత్రి పదికి ఫోన్ హాల్లో పెట్టి పడుకోమనండి. పదకొండుకే నిద్ర పట్టేస్తే, మీ అబ్బాయి రాత్రి మేలుకునే మనిషి కాదని మీకే తెలుస్తుంది.