హైలక్స్ తెప్పించుకునే ముందు

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. దుబాయిలో నడిపిన టొయోటా హైలక్స్ పికప్ ట్రక్కే ఇక్కడ డాలస్‌లోనూ కావాలన్నావు. షోరూమ్‌కి వెళ్తే అదే కంపెనీ టకోమా ట్రక్కు చూపించి పంపారని కోపం కూడా వచ్చినట్టుంది. వాళ్ల తప్పేం లేదురా. దీని వెనక ఒక కోడి కథ ఉంది, నవ్వకు.

అమెరికా నుంచి చవకగా కోడిమాంసం వచ్చిపడుతోందని 1960ల మొదట్లో యూరప్ దేశాలు దాని మీద సుంకం పెంచాయి. ఆ కసితో 1963 డిసెంబరులో ప్రెసిడెంట్ జాన్సన్ బ్రాందీ, బంగాళాదుంప స్టార్చ్, డెక్స్‌ట్రిన్ (స్టార్చ్ నుంచి చేసే జిగురు పొడి)తో పాటు ట్రక్కుల మీద కూడా 25 శాతం వేశాడు. మిగతావాటి మీద తర్వాత ఎత్తేశారు, ట్రక్కులది మాత్రం అలాగే ఉండిపోయింది. గురి జర్మనీ వోక్స్‌వాగన్ వ్యాన్ల మీద, దెబ్బ జపాన్ వాళ్లకి! థాయ్‌లాండ్‌లో తయారైన హైలక్స్ మీద ఆ పావు వంతు కట్టి, ఇక్కడి సేఫ్టీ, పొగ రూల్స్‌కి తగ్గట్టు మార్చి అమ్మితే గిట్టుబాటు ఎక్కడ? అందుకే ఈ కోడి సుంకం తగలని మెక్సికోలో టకోమాని తయారుచేసి అమ్ముతున్నారు.

కాబట్టి కొత్త హైలక్స్ మాట మర్చిపో. 25 ఏళ్లు నిండిన బండైతే సేఫ్టీ రూల్స్ నుంచి మినహాయింపు ఉంది. సుంకం మాత్రం పాతదానికీ తప్పదు, బడ్జెట్‌లో ముందే రాసుకో.

వయసు లెక్కేసేది మోడల్ సంవత్సరం బట్టి కాదు, తయారైన నెల బట్టి. నా స్నేహితుడొకడు ఏజెంటు మాట నమ్మి డబ్బు కట్టేశాడు. తీరా బండి దిగాక చూస్తే నాలుగు నెలలు తక్కువ. పోర్టులో రోజుకింత అద్దె కడుతూ వాడు పడ్డ టెన్షన్ నేను కళ్లారా చూశాను. జపాన్ బండ్లకి కంపెనీ బిగించే ప్లేటు మీద మామూలుగా తయారైన నెల ఉండదు. బండిని జపాన్ నుంచి పంపేటప్పుడు ఇచ్చే ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్‌లో మొదటి రిజిస్ట్రేషన్ నెల ఉంటుంది, అది అడుగు.

ఇంకోటి, పోర్టు దాటినంత మాత్రాన రోడ్డెక్కినట్టు కాదు. రిజిస్ట్రేషన్ రాష్ట్రం చేతిలో ఉంటుంది. జపాన్ బుల్లి ట్రక్కులకి మన టెక్సాస్ ఒప్పుకున్నదే 2024లో. ముందు రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కో. కుడివైపు స్టీరింగ్ నీకు ఇబ్బంది కాదులే, ఊళ్లో నేర్చుకున్నదే కదా. డ్రైవ్‌త్రూలో కాఫీ అందుకోవడానికే పక్క సీటు మీదికి వంగాలి.

డబ్బు పంపే ముందు ఆ సర్టిఫికెట్ ఫొటో నాకు వాట్సాప్ చెయ్.

మీ బాబాయి