గ్యాఫ్ అంటే ఏమిటి? మిస్టేక్‌కూ దానికీ తేడా ఎక్కడ?

ఇంగ్లీషు పత్రికలు నాయకుల గురించి రాసేటప్పుడు తరచూ వాడే ‘గ్యాఫ్’ అనే మాటకు అర్థమేమిటి, మామూలు మిస్టేక్‌కూ దానికీ తేడా ఏమిటి అని అడిగారు. నేను చాలాకాలంగా ఒక తెలుగు దినపత్రికలో అంతర్జాతీయ వార్తలు అనువదిస్తున్నాను. ఈ మాట తగలని వారం ఉండదు.

గ్యాఫ్ అంటే నలుగురిలో తలదించుకునేలా చేసే పొరపాటు. ఆ ‘నలుగురిలో’ అన్నదే ప్రాణం. ఇంట్లో కూర్చుని లెక్క తప్పితే మిస్టేక్. అదే లెక్క మైకు ముందు తప్పు చెబితే, విన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే గ్యాఫ్. చాలావరకు ఇది నోటితో జరిగేదే.

నేను కొత్తవాళ్లకు చెప్పే ఉదాహరణ జెరాల్డ్ ఫోర్డ్‌ది. అమెరికా అధ్యక్షుడిగా ఉంటూ 1976 అక్టోబరు 6న ఎన్నికల్లో తన ప్రత్యర్థి జిమ్మీ కార్టర్‌తో టీవీ చర్చలో పాల్గొన్న ఆయన, తూర్పు యూరప్‌పై సోవియట్ ఆధిపత్యం లేదు అనేశారు. అప్పటికి పోలండ్‌లో, తూర్పు జర్మనీలో సోవియట్ సేనలు ఉన్నాయి! ప్రశ్న వేసిన విలేఖరి మాక్స్ ఫ్రాంకెల్ నమ్మలేక మళ్లీ అడిగినా ఫోర్డ్ వెనక్కి తగ్గలేదు. ఆ నవంబరులో ఎన్నికల్లో ఓడిపోయారు. ఓటమికి వేరే కారణాలూ ఉన్నాయి గానీ, ఆ చర్చ పేరెత్తితే జనానికి ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ ఒక్క మాటే. 1992లో అమెరికా ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ ట్రెంటన్ నగరంలోని ఒక బడిలో, బంగాళాదుంపకు ఇంగ్లీషు స్పెల్లింగు సరిగ్గానే రాసిన పిల్లవాడి చేత చివర అక్కర్లేని ‘ఇ’ చేర్పించారు. ఆయన చేతికిచ్చిన కార్డులోనే తప్పుందట. పాపం, అయినా ఆ మచ్చ ఆయనకే మిగిలింది.

గ్యాఫ్‌తో కలగలిపేసే మాటలు ఇంకో రెండున్నాయి. 2017 ఆస్కార్ వేదికపై కవరు మారిపోయి ఉత్తమ చిత్రంగా వేరే సినిమా పేరు చదివారు. ఆ కవరు అందించినవాళ్లు చేసింది బ్లండర్, అంటే పెద్ద తప్పిదం. చిత్రీకరణలో డైలాగు మరిచిపోయి నటులు నవ్వేస్తే అది బ్లూపర్.

అసలు చిక్కు తెలుగులోకి తెచ్చేటప్పుడు వస్తుంది. వార్తా ఏజెన్సీ పంపిన ఇంగ్లీషు వార్తలో గ్యాఫ్ కనిపించగానే ‘నోరు జారారు’ అని రాసేస్తుంటారు. మన దగ్గర నోరు జారడమంటే ఎవరినో అనరాని మాట అన్నట్టు ధ్వనిస్తుంది. ఒక దేశాధినేత పక్కనున్న అతిథిని మరొకరి పేరుతో పిలిస్తే అది అంత పెద్ద నేరం కాదు, ‘తడబడ్డారు’ చాలు. వెంటనే గ్రహించి సర్దుకుంటే ‘నాలుక కరుచుకున్నారు’ అనాలి. ఫోర్డ్ విషయంలో ఇది నప్పదు, ఆయన కరుచుకోలేదు కదా! అన్నిటికీ ఒకే మాట అంటించడం ఆ మనిషికి అన్యాయం చేయడమేనని నా గట్టి నమ్మకం.

మీరు ఇంగ్లీషులో రాసేటప్పుడు దీనికి ముందు ‘మేక్’ గానీ ‘కమిట్’ గానీ వాడండి, ‘డూ’ వద్దు. స్పెల్లింగులో రెండు ‘ఎఫ్’ల తర్వాత ‘ఇ’ ఉండాలి. అది లేకపోతే పెద్ద చేపలను పడవలోకి లాగే కొక్కెం అవుతుంది. ఇంకొకటి, ప్రాణాలు పోయిన చోట ఈ మాట వాడకండి. సిగ్నల్ తప్పి రైళ్లు ఢీకొన్న వార్తను గ్యాఫ్ అంటే, చనిపోయినవారి ఇంట్లో అది చదివే మనిషికి ఎంత కష్టంగా ఉంటుంది!