రొయ్యల గుంటలు బావమరిది పేర కాగితం మీద లీజుకిస్తే కోర్టులో నిలుస్తుందా?

అన్నా, నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట దగ్గర మీకు పదెకరాల గుంటలున్నాయి, ఆదాయం మొత్తం మీ పేరనే చూపిస్తే ఇన్‌కంటాక్స్ ఎక్కువ పడుతోంది, సగం బావమరిదికి లీజుకిచ్చినట్టు స్టాంపు పేపర్ మీద రాసుకుంటే ఎవరూ ఏమీ చేయలేరని మీ ఆడిటర్ చెప్పాడు, నిలుస్తుందా అని కదా మీరు అడిగింది. నిలవదు. అచ్చంగా ఇదే పని చేసి దెబ్బతిన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నా.

మాది అదే జిల్లా విడవలూరు వైపు. మా ఆడిటర్ కూడా ఇదే మాటన్నాడు. బావమరిది బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, గుంట గట్టు మీద కాలు పెట్టింది సంక్రాంతికే. అయినా నోటరీ చేయించి అగ్రిమెంట్ రాసుకున్నాం. ఫీడ్ (రొయ్యల మేత) అప్పు డీలర్ దగ్గర నా ఖాతాలోనే, కరెంటు మీటర్ నాదే, సీడ్ (రొయ్య పిల్లలు) తెచ్చింది నేనే, రొయ్యలు పట్టి అమ్మిన డబ్బు మాత్రం వాడి అకౌంట్లో పడి మూడ్రోజుల్లో నా అకౌంట్లోకి వచ్చేసేది. లీజు డబ్బు అని రాసుకున్నది ఒక్క రూపాయి కూడా చేతులు మారలేదు.

ఇన్‌కంటాక్స్ వాళ్లు సమన్లిచ్చి మా బావమరిదిని పిలిచారు. ఆఫీసర్ అగ్రిమెంట్ జోలికే పోలేదు. 'పోయిన పంట ఎంత కౌంట్‌కి పట్టారు?' అని వాణ్ణి అడిగాడు. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగాయన్న లెక్క, సాగు చేసే ప్రతివాడికీ తెలుస్తుంది. వీడు 'కౌంట్ అంటే ఏంటి సార్?' అన్నాడట. అక్కడితో అయిపోయింది. (ఆయనది నెల్లూరేనేమో, గుంట నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల లెక్క కూడా మాకంటే బాగా తెలుసు.)

తర్వాత మా లాయర్ దగ్గర కూర్చుని తెలుసుకున్నవి చెబుతా. 1971లో దుర్గాప్రసాద్ మోరే కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇప్పటికీ వాడతారు: దస్తావేజులో మనకు అనుకూలంగా నాలుగు వాక్యాలు రాసుకున్నంత మాత్రాన అది నిజమైపోదు, చుట్టూ ఉన్న పరిస్థితులు చూడొచ్చు. 1985లో మెక్‌డొవెల్ కేసు, అది మన ఆంధ్ర అమ్మకం పన్ను గొడవే, మద్యం కంపెనీది. చట్టం లోపల పన్ను తగ్గించుకోవడం తప్పు కాదు, పైకి ఒకటి, లోపల ఇంకొకటిగా రంగు పూసిన ఏర్పాట్లు మాత్రం చెల్లవని ఐదుగురు జడ్జీల బెంచ్ చెప్పింది. మన తెలుగు జడ్జి ఓ. చిన్నప్పరెడ్డి గారు విడిగా ఇంకా గట్టిగా రాశారు. 2012లో వొడాఫోన్ కేసులో లావాదేవీని ముక్కలు చేయకుండా మొత్తంగా చూడాలన్నారు, నిజమైన వ్యాపార ఏర్పాటైతే పన్ను తగ్గినా ఒప్పుకోవాలన్నారు, ఆ తీర్పు కంపెనీ వైపే వచ్చింది. అంటే పన్ను తగ్గిందన్నది ఒక్కటే నేరం కాదు. జరగని పనిని జరిగినట్టు రాశామా, అదే అసలు ప్రశ్న.

పైకి కనిపించేది నిజం కాదని నిరూపించే భారం మామూలుగా డిపార్ట్‌మెంట్‌దే. ఆ ధైర్యంతోనే మేం అప్పీలుకి వెళ్లాం. కానీ ఫీడ్ బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, వాడి సొంత నోటి మాట, ఇన్నీ కలిసి ఆ భారం వాళ్లకు తేలికైపోయింది. ఆదాయం మొత్తం నా పేర వేశారు, వడ్డీ వేశారు. పెనాల్టీ మొదట తప్పుడు సమాచారం కింద ఎగ్గొట్టిన పన్ను మీద 200 శాతం అన్నారు, అప్పీల్లో 50కి తగ్గింది. అదొక్కటే మిగిలిన సంతోషం.

గార్ (GAAR) అని, పన్ను ఎగ్గొట్టడానికే చేసిన ఏర్పాట్లను పక్కన పెట్టే రూల్ 2017 నుంచి ఒకటుంది, పన్ను లాభం 3 కోట్లు దాటితేనే కదా అని కొందరు ధైర్యం చెబుతారు. బూటకపు లీజును పక్కన పెట్టడానికి అది అక్కర్లేదు. భార్య పేరున రాసేయమంటారు ఇంకొందరు. ఊరికే ఇచ్చిన ఆస్తి మీద వచ్చే ఆదాయాన్ని మళ్లీ మీ లెక్కలోనే కలుపుతారు. ఇక రొయ్యల ఆదాయాన్ని వరి పంటగా చూపించే తెలివి అసలొద్దు, అది వ్యవసాయ ఆదాయం కిందికి రాదు.

మీ బావమరిది నిజంగా దిగుతానంటే దిగనివ్వండి. సీడ్, ఫీడ్ అప్పు, నష్టం అన్నీ తన పేరనే, లీజు డబ్బు బ్యాంకు ద్వారా మీకు రావాలి, వైరస్ తగిలితే పోయేది తన డబ్బే. 2021 నుంచి మా తమ్ముడు నా పక్క గుంటలు అలాగే చేస్తున్నాడు, ఒక్క నోటీసూ రాలేదు.

ఇప్పటికే అలా రాసుకుని రిటర్న్ వేసేసి ఉంటే నోటీసు కోసం ఎదురు చూడకండి. తప్పు సరిదిద్ది మళ్లీ వేసే రివైజ్డ్ రిటర్న్‌కి గడువుందేమో చూడండి, అది దాటితే ఆలస్యంగా వేసే అప్‌డేటెడ్ రిటర్న్ ఉంది, అదనపు పన్ను కట్టాలి. సర్వే, అంటే ఇన్‌కంటాక్స్ వాళ్లు మన చోటికే వచ్చి లెక్కలు చూడటం, జరిగాక మాత్రం ఆ సంవత్సరానికీ అంతకు ముందు సంవత్సరాలకీ ఆ దారి కూడా మూసుకుపోతుంది.