సర్వర్ ఆపేస్తే కొన్న గేమ్ సంగతేంటి?

ప్రశ్న: మాది ఖమ్మం. ఇంటర్ చదివే మా అబ్బాయి కోసం ఏడాదిన్నర క్రితం ఒక కారు రేసుల గేమ్ డిస్క్ దుకాణంలో రూ.3,999కి కొన్నాను. ఒక్కడే కూర్చుని ఆడుకునే గేమే అయినా నెట్ ఉంటేనే తెరుచుకుంటుంది. మూడు నెలల క్రితం దానికే రూ.1,499 పెట్టి సీజన్ పాస్ (గేమ్‌లోని అదనపు భాగాలు ఆడనిచ్చే పాస్), మరో రూ.800 పెట్టి గేమ్‌లో వాడే కాయిన్లు కన్సోల్ స్టోర్‌లో కొన్నాం. ఇప్పుడు కంపెనీ వచ్చే నెలాఖరుకు సర్వర్లు శాశ్వతంగా ఆపేస్తున్నట్టు మెయిల్ పెట్టింది. ఆ తర్వాత డిస్క్ పెట్టినా గేమ్ రాదట. దుకాణదారు తనకేం సంబంధం లేదంటున్నాడు. ఒప్పందంలో 'ఇది లైసెన్సు మాత్రమే, తగాదా వస్తే కాలిఫోర్నియాలో ఆర్బిట్రేషన్' అని ఉంది. అమెరికాలో ఉన్న మా బావమరిది అక్కడ దీని మీద చట్టం వచ్చిందంటున్నాడు. మా డబ్బు వెనక్కి వస్తుందా? నెట్‌లో దొరికే ప్యాచ్ (సర్వర్ లేకుండా గేమ్ నడిచేలా మార్చే ఫైలు) వేసుకుని ఆడితే నేరమా?

జవాబు: 'డబ్బిచ్చి కొన్నాను కాబట్టి గేమ్ నాది' అన్న వాదనతో మాత్రం మొదలుపెట్టకండి. మీకు అన్యాయం జరగలేదని కాదు. ఆ వాదన ఎత్తుకోగానే అవతలి లాయరు లైసెన్సు ఒప్పందం తీస్తాడు, కేసు కాస్తా కాపీరైట్ చర్చగా మారిపోతుంది. మీరు అడగాల్సినవి రెండే. అమ్మేటప్పుడు ఏం చెప్పారు, ఏం దాచారు? డబ్బు తీసుకున్నాక ఎంతకాలం సేవ ఇచ్చారు?

డిస్క్ సంగతి ఒక పేరాలో తేల్చేద్దాం. డబ్బాలో వచ్చే సాఫ్ట్‌వేర్ కూడా 'సరుకే' అని 2004లో టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. అది అమ్మకపు పన్ను కేసు కాబట్టి నేరుగా మీకు అతకదు. 'మేం సరుకేమీ అమ్మలేదు' అని కంపెనీ అంటే బదులుగా చూపించడానికి పనికొస్తుంది, అంతవరకే. పైగా డిస్క్ సరుకు అనుకున్నా, సేవ అనుకున్నా వినియోగదారుల రక్షణ చట్టం 2019 రెండింటికీ వర్తిస్తుంది. గేమ్ ఆడింది మీ అబ్బాయి అయినా ఇబ్బంది లేదు. కొన్నవారి అనుమతితో వాడుకునేవారు కూడా సెక్షన్ 2(7) కింద వినియోగదారులే. కన్సోల్ పెట్టి గంటకింత అని వసూలు చేసే పార్లర్ నడిపేవారికి మాత్రం ఇంత తేలిక కాదు. 'వ్యాపారం కోసం కొన్నారు' అన్న అభ్యంతరం వస్తుంది. అది తన బతుకుతెరువు కోసం తానే నడుపుకునే స్వయం ఉపాధి అని వారు రుజువు చేసుకోవాల్సి ఉంటుంది.

మీ మూడు కొనుగోళ్ల బలం ఒకటి కాదు. అన్నిటికన్నా గట్టిది సీజన్ పాస్. మూసివేత నిర్ణయాలు రాత్రికి రాత్రి జరగవు. మూడు నెలల క్రితం పాస్ అమ్ముతున్నప్పుడు ఆ ఆలోచన కంపెనీలో ఉందా లేదా అన్నది మీరు సూటిగా వేయాల్సిన ప్రశ్న. తెలిసీ చెప్పకపోతే అది సెక్షన్ 2(11) కిందకు వస్తుంది. అవసరమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం కూడా సేవాలోపమేనని ఆ సెక్షన్ చెబుతుంది. రెండోది ఖర్చవని కాయిన్లు. అవి మీరు ముందే చెల్లించి ఇంకా వాడుకోని డబ్బు. నెలాఖరు వస్తోంది కదా అని అబ్బాయి వాటిని ఖర్చు పెట్టేస్తే అడగడానికి ఏమీ మిగలదు, ఇవాళే చెప్పండి. మూడోది డిస్క్. ఏడాదిన్నర ఆడారు. ఎన్ని గంటలు ఆడారో కన్సోల్‌లోనూ, కంపెనీ సర్వర్‌లోనూ ఉంటుంది కాబట్టి దాచకండి, మీరే రాయండి. పూర్తి ధర అడిగినా వినియోగదారుల కమిషన్ అందులో కొంత ఇప్పించడమే ఎక్కువగా జరిగే పని.

ఎంతకాలం అన్నది ఎంత ముఖ్యమో రెండు గేమ్‌లు చూస్తే తెలుస్తుంది. సోనీ 2024 ఆగస్టు 23న విడుదల చేసిన 'కాంకర్డ్'ను సెప్టెంబరు 6కే ఆపేసి, కొన్నవారికి డబ్బు మొత్తం వాపసు ఇచ్చింది. యూబీసాఫ్ట్ 2014 డిసెంబరులో తెచ్చిన 'ది క్రూ' 2024 మార్చి 31 దాకా నడిచి ఆగింది, తొమ్మిదేళ్లకు పైమాటే. ఆ మూసివేతతోనే 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం మొదలైంది. మీది ఈ రెంటికీ మధ్య ఉంది, కాకపోతే మొదటిదానికే దగ్గర.

మీ బావమరిది చెప్పింది నిజమే. కాలిఫోర్నియాలో ఏబీ 2426 అనే చట్టం 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. డిజిటల్ గేమ్ పక్కన 'కొనండి' అని రాసేవాళ్లు, మీకు దక్కేది లైసెన్సేనని స్పష్టంగా చెప్పాలని దాని సారం. అది సర్వర్ నడపమనీ, డబ్బు వాపసు ఇమ్మనీ చెప్పదు. ఖమ్మంలో కొన్న డిస్క్‌కు వర్తించదు కూడా.

ఆర్బిట్రేషన్ షరతు (తగాదాను కోర్టుకు బదులు మధ్యవర్తి తేల్చాలన్న షరతు) చూసి భయపడకండి. అలాంటి షరతు ఉన్నా వినియోగదారుల ఫోరానికి (ఇప్పుడు కమిషన్ అంటున్నారు) వెళ్లవచ్చని ఎమ్మార్ ఎంజీఎఫ్, అఫ్తాబ్ సింగ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇక కాలిఫోర్నియా దాకా వెళ్లే పని లేదు. సెక్షన్ 34(2)(డి) ప్రకారం ఫిర్యాదుదారు ఉండేచోటే కేసు వేయవచ్చు. అంటే మీకు ఖమ్మం జిల్లా కమిషన్ చాలు. చెల్లించిన సొమ్ము రూ.50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌కే అధికారం, రూ.5 లక్షల దాకా ఫీజు లేదు. మీది మొత్తం రూ.6,298.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. 'కంపెనీ ఎప్పుడైనా సేవ ఆపేయవచ్చు అన్న షరతు అన్యాయం, దాన్ని కొట్టేయండి' అని ఫిర్యాదులో రాస్తారు. కారణం లేకుండా ఏకపక్షంగా రద్దు చేసే హక్కు సెక్షన్ 2(46) ప్రకారం అన్యాయమైన ఒప్పందమే, నిజమే. కానీ అన్యాయమైన ఒప్పందాల మీద ఫిర్యాదు వినే అధికారం సెక్షన్ 47 కింద హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌ది. ఆ కోరిక జిల్లాలో పెట్టారంటే మొదటి వాయిదాలోనే అధికార పరిధి అభ్యంతరం వస్తుంది. ఆరు వేల కేసుకు ఆ తంటా ఎందుకు? సేవాలోపం, అనుచిత వాణిజ్య విధానం అని రాసి, సొమ్ము వాపసు, పరిహారం, ఖర్చులు అడగండి. సర్వర్ నడపమని అడగకండి.

ఎవరి మీద వేయాలన్నది అసలు చిక్కు. ప్రచురణకర్త విదేశీ కంపెనీ మాత్రమే అయితే, వాళ్లు రాకపోతే ఎక్స్‌పార్టీ (ఒక పక్షం లేకుండానే ఇచ్చే) ఉత్తర్వు వస్తుంది గానీ దాన్ని అమలు చేయించుకోవడం కష్టం. ఇండియాలో చిరునామా ఉన్నవాళ్లను పట్టుకోండి. గేమ్ డబ్బా వెనకో, పైన చుట్టిన ప్లాస్టిక్ కవరు మీదో ఒక చిన్న స్టిక్కర్ ఉంటుంది. దిగుమతిదారు పేరు, చిరునామా, ఎమ్మార్పీ, ఫిర్యాదుల నంబరు దాని మీద ఉండాలని 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు చెబుతున్నాయి. కవరు చింపి పారేసి ఉంటే దుకాణంలో అదే గేమ్‌గానీ, అదే దిగుమతిదారుదైన మరో గేమ్‌గానీ ఉందేమో చూసి ఫొటో తీసుకోండి. పాస్, కాయిన్లకు స్టోర్ నుంచి మెయిల్‌లో వచ్చిన రసీదు మీద అమ్మిన సంస్థ పేరు ఉంటుంది. ప్రచురణకర్తకు ఇక్కడ అనుబంధ కంపెనీ ఉందేమో కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో వెతకండి. వీళ్లందరినీ ప్రతివాదులుగా చేర్చండి. దుకాణదారును చేర్చినా అతని నుంచి పరిహారం అడగకండి. సీలు వేసిన డబ్బా అమ్మాడంతే. అమ్మకం జరిగిందని ఒప్పుకుంటే మీ పని అయిపోతుంది.

సాక్ష్యం మాత్రం సర్వర్ ఆగకముందే కూడగట్టాలి. దుకాణం బిల్లు థర్మల్ కాగితం అయితే ఇప్పటికే వెలిసిపోతూ ఉంటుంది, వెంటనే జిరాక్సు తీయించండి. డబ్బా ముందూ వెనకా ఫొటో తీయండి. 'ఆన్‌లైన్ తప్పనిసరి' అన్న ముక్క ఎంత అక్షరాల్లో ఉందో కనబడేలా పక్కన స్కేలు పెట్టి తీయండి. స్టోర్‌లో లావాదేవీల జాబితా, కాయిన్ల నిల్వ, పాస్ పేజీలో రాసిన హామీలు తేదీ కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. మూసివేత మెయిల్‌ను తొలగించకుండా ప్రింటు తీయండి. ఆ తర్వాత ఒక వీడియో. ఫోన్‌లో తేదీ చూపించి, కన్సోల్ నెట్ తీసేసి, డిస్క్ పెట్టి, తెర మీద వచ్చే సందేశం దాకా ఎక్కడా కట్ లేకుండా తీయండి. సర్వర్ ఆగిన మర్నాడు నెట్ పెట్టి అలాంటిదే మరొకటి. మొదటి వీడియో లేకపోతే 'నెట్ లేకుండా ఆడే భాగం ఉంది' అన్నా మీ దగ్గర జవాబుండదు. వీటితో పాటు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63(4) సర్టిఫికెట్ (ఆ ఫొటోలు, వీడియోలు ఏ పరికరంతో ఎలా తీశారో చెప్పే ధ్రువపత్రం) జతచేస్తే ఎలక్ట్రానిక్ సాక్ష్యం మీద అభ్యంతరాలు తగ్గుతాయి.

పాస్, కాయిన్లు ఆన్‌లైన్ కొనుగోలు కాబట్టి ముందుగా స్టోర్ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. ఈ-కామర్స్ నిబంధనలు 2020 ప్రకారం 48 గంటల్లో అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. రాసేటప్పుడు కోపం వద్దు. ఆర్డర్ నంబర్లు, తేదీలు, మొత్తం, 'మూసివేత నిర్ణయం ఏ తేదీన తీసుకున్నారు' అన్న ఒక్క ప్రశ్న చాలు. జవాబు ఎగ్గొట్టినా అదీ మీకు సాక్ష్యమే. దాంతోపాటే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించండి. ఇలాంటి చిన్న మొత్తాలు కొన్ని అక్కడే తేలిపోతాయి. తేలకపోతే స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు ఆగి, వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఫిర్యాదు, అఫిడవిట్, పత్రాలు ఎక్కించండి. లాయరు తప్పనిసరి కాదు. ప్రతివాదికి జవాబివ్వడానికి 30 రోజులు, అడిగితే మరో 15 దొరుకుతాయి. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉన్నా వాయిదాలు అంతకు మించే పడతాయి.

కాలపరిమితి సెక్షన్ 69 కింద రెండేళ్లు. సర్వర్ ఆగిన రోజు నుంచి లెక్క అని మీరంటారు. డబ్బా మీద సరిగా చెప్పలేదన్న వాదనకు మాత్రం కొన్న రోజు నుంచే అని వాళ్లంటారు. ఆ లెక్కన మీకు మిగిలింది ఆరు నెలలే. ఆ లోపే వేసేయండి.

ఒక సందేహం ముందే తీర్చేస్తాను. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటల్ని నిషేధించింది. మీ రేసు గేమ్‌కూ ఆ నిషేధానికీ సంబంధం లేదు.

ఇక ప్యాచ్. కాపీరైట్ చట్టం సెక్షన్ 65ఎ కింద హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ తాళాన్ని ఛేదిస్తేనే నేరం, రెండేళ్ల దాకా జైలు, జరిమానా. చట్టబద్ధంగా సంపాదించిన ప్రోగ్రాంను ఏ పని కోసం ఇచ్చారో ఆ పనికి వాడుకోవడానికి కాపీ తీసుకోవడాన్ని సెక్షన్ 52(1)(ఎఎ) అనుమతిస్తుంది. మీ సొంత డిస్క్‌తో ఆడుకుంటే వాదించుకోవడానికి చోటుంది. టోరెంట్‌లో దొరికే మార్చిన గేమ్ మొత్తాన్ని దించుకుంటే ఆ చోటు పోతుంది. దొంగ కాపీ అని తెలిసీ కంప్యూటర్‌లో వాడితే సెక్షన్ 63బి కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు శిక్ష ఉంది. పైగా మీది కన్సోల్. ప్యాచ్ పని చేయాలంటే దాన్ని జైల్‌బ్రేక్ చేయాలి (కంపెనీ పెట్టిన తాళం తీసేయాలి), అది పట్టుబడితే స్టోర్ ఖాతానే నిషేధించవచ్చు, అందులోని మిగతా గేమ్‌లూ పోతాయి. కేసు నడుస్తుండగా అసలే వద్దు. 'ఇప్పటికీ ఆడుతూనే ఉన్నారు కదా, ఇంకేం నష్టం?' అని అవతలి లాయరు అడిగే అవకాశం మీరే ఇచ్చినట్టవుతుంది.