లైబ్రరీ లేదని కాన్ఫిగర్ చెక్ అంటోంది సరే, ముందు కాన్ఫిగ్.లాగ్ చూశారా?

లైబ్రరీ ఇన్‌స్టాల్ చేసినా కాన్ఫిగర్ స్క్రిప్ట్ (బిల్డ్‌కి ముందు కావలసినవి మెషీన్‌లో ఉన్నాయో లేవో చెక్ చేసి, ఆ వివరాలు కాన్ఫిగ్.లాగ్ ఫైల్లో రాసేది) "లేదు" అనే చూపిస్తోంది, ఏం చేయాలని అడిగారు. ముందు మళ్ళీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడం ఆపండి. చాలాసార్లు తప్పు మీ మెషీన్‌ది కాదు, ఆ చెక్ రాసినవాళ్లది.

నాకైతే 2024లో జరిగింది. స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాల పేజీలు శుభ్రం చేసుకోవడానికి ఒక చిన్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ వాడేవాణ్ణి, ఫెడోరా 40 లినక్స్‌కి మారాక దాన్ని సోర్స్ కోడ్ నుంచి మళ్ళీ బిల్డ్ చేశాను, ఎర్రర్ ఒక్కటీ రాలేదు, తీరా నడిపితే పీఎన్‌జీ ఫైళ్లు తెరవనంటోంది. పీఎన్‌జీ లైబ్రరీతో బిల్డ్ చేయడానికి కావలసిన లిబ్‌పీఎన్‌జీ-డెవెల్ ప్యాకేజీ తీసేసి మళ్ళీ పెట్టాను. సాయంత్రమంతా అదే పని. రాత్రి పదకొండింటికి కాన్ఫిగ్.లాగ్‌లో దొరికింది. లైబ్రరీ ఉందో లేదో తెలుసుకోవడానికి స్క్రిప్ట్ కంపైల్ చేసి చూసే నాలుగు లైన్ల సీ ప్రోగ్రామ్‌లో, ఎగ్జిట్ అనే ఫంక్షన్‌ని పరిచయం చేసే స్టడ్‌లిబ్ హెడర్ ఫైల్ కలపకుండానే దాన్ని పిలిచారు. పాత జీసీసీ (సీ కంపైలర్) వార్నింగ్ ఇచ్చి వదిలేసేది, జీసీసీ 14 నుంచి అది ఎర్రర్. టెస్ట్ కంపైల్ కాలేదు, కాబట్టి లైబ్రరీ లేదని రాసేసుకుని, పీఎన్‌జీ భాగం వదిలేసి స్క్రిప్ట్ ముందుకెళ్లిపోయింది.

ఆ చేత్తో రాసిన చెక్ తీసేసి పీకేజీ-కాన్ఫిగ్‌తో (ఏ లైబ్రరీ ఉందో, ఎక్కడుందో చెప్పే టూల్) అడిగేలా మార్చాను. పీఎన్‌జీ కావాలని అడిగాక దొరక్కపోతే బిల్డ్ అక్కడే ఆగాలని కూడా పెట్టాను. ఈ మార్పుల ప్యాచ్ ఆ ప్రోగ్రామ్ చూసుకునేవాళ్లకి పంపితే "నా దగ్గర బాగానే నడుస్తోందే" అని జవాబు! ఏళ్ల తరబడి వాడే మెషీన్‌లో అన్నీ ఉంటాయండీ, అందుకే నడుస్తుంది. ఖాళీ కంటైనర్‌లో (మెషీన్‌లోనే విడిగా, అదనంగా ఏమీ ఇన్‌స్టాల్ చేయని చోట) బిల్డ్ చేసి చూపించాకే తీసుకున్నారు. ఇంకోటి, ఏ ప్యాకేజీ కావాలో ఎర్రర్‌లోనే రాస్తే ఏం పోతుంది? డెబియన్ లినక్స్‌లో ప్యాకేజీ పేరు చివర డెవ్, ఫెడోరాలో డెవెల్, కొత్తగా వచ్చిన స్టూడెంట్‌కి ఇదెవరు చెప్తారు?

చెక్కులదేముంది, చిన్న పని అనేవాళ్లు ఎక్స్‌జడ్ అనే కంప్రెషన్ టూల్‌లో దొంగచాటుగా పెట్టిన బ్యాక్‌డోర్ గుర్తు తెచ్చుకోవాలి. 2024 మార్చిలో అది బయటపడ్డాక వెతికితే, సీమేక్ (కాన్ఫిగర్ లాంటిదే ఇంకో బిల్డ్ టూల్) ఫైల్లో, ల్యాండ్‌లాక్ (ప్రోగ్రామ్ ఏ ఫైళ్లు ముట్టుకోవచ్చో పరిమితం చేసే లినక్స్ సదుపాయం) ఉందో లేదో చూసే టెస్ట్ ప్రోగ్రామ్‌లో ఒక్క చుక్క అదనంగా ఉంది. ఆ చుక్క వల్ల టెస్ట్ ఎప్పటికీ కంపైల్ కాదు, సీమేక్‌తో బిల్డ్ చేసిన చోట ల్యాండ్‌లాక్ ఇచ్చే ఆ శాండ్‌బాక్స్ రక్షణ చప్పుడు లేకుండా పోతుంది. మామూలు ఫెయిల్యూర్‌లానే కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

మీరిప్పుడు కాన్ఫిగ్.లాగ్‌లో ఆ లైబ్రరీ పేరు వెతకండి, "ఫెయిల్డ్ ప్రోగ్రామ్ వాజ్" అన్న లైనుకు పైనున్న ఎర్రర్ మొత్తం ఇక్కడ పెట్టండి, చూద్దాం.