ప్లాన్ మారకపోయినా ఒకే అప్‌డేట్ ఒకసారి క్షణంలో, ఒకసారి 40 సెకన్లకు ఎందుకు ముగుస్తుంది?

మీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ప్లాన్ (క్వెరీని నడపడానికి అది ఎంచుకునే పద్ధతి) అదే, ఇండెక్స్ అదే, అయినా ఒక అప్‌డేట్ ఒక్కోసారి 40 సెకన్లు తీసుకుంటోందనీ, స్లో క్వెరీ లాగ్ (ఎక్కువ సమయం తీసుకున్న క్వెరీల జాబితా) ఎంత తిరగేసినా కారణం దొరకడం లేదనీ అడిగారు. కర్నూలులో ఒక ఉల్లి కమీషన్ దుకాణపు డేటాబేస్ చూసుకునే రోజుల్లో నాకూ ఇదే చిక్కు ఎదురైంది.

వేలం ముగిసి గుమాస్తాలందరూ ఒకేసారి తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకపు చీటీలు) రాయడం మొదలుపెట్టగానే, తర్వాతి తక్‌పట్టీ నంబరును ఒకటి పెంచే చిన్న అప్‌డేట్ కదలకుండా నిలిచిపోయేది. ఆ టేబుల్‌లో ఉన్నది ఒకే ఒక్క వరుస (రో). అయినా నేను ఇండెక్స్‌లు, మెమరీ సెట్టింగులు మారుస్తూ రెండు రోజులు పోగొట్టుకున్నాను. సీపీయూ దాదాపు ఖాళీగా ఉందని కళ్లెదుటే కనిపిస్తున్నా, క్వెరీ పని చేయడం లేదు, దేనికోసమో ఆగి ఉందన్న మాట తట్టలేదు.

అది తెలిసేది, ఏ కనెక్షన్ ఏం చేస్తోందో చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీ అనే వ్యూలో. వెయిట్_ఈవెంట్_టైప్, వెయిట్_ఈవెంట్ అనే రెండు కాలమ్‌లు 2016లో వచ్చిన 9.6 వెర్షన్ నుంచి అందులో ఉన్నాయి. స్టేట్ యాక్టివ్‌గా ఉండి ఆ రెండూ ఖాళీగా ఉంటే క్వెరీ చాలావరకు సీపీయూ మీద నడుస్తున్నట్టే. డేటాఫైల్‌రీడ్ అని ఉంటే డిస్కు నుంచి చదువుతోంది. ఒక్కసారి చూస్తే సరిపోదు కనుక, పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైన్ అయిన పీఎస్‌క్యూఎల్‌లో వాచ్ కమాండ్‌తో సెకనుకొకసారి చూస్తూ కూర్చున్నాను. క్యూలో మొదట ఆగిన సెషన్‌కు (అంటే కనెక్షన్‌కు) లాక్, ట్రాన్సాక్షన్‌ఐడీ (మరో ట్రాన్సాక్షన్ ముగియాలని ఎదురుచూపు) అనీ, దాని వెనుక చేరినవాటికి లాక్, టపుల్ (ఆ రో దగ్గర తమ వంతు కోసం ఎదురుచూపు) అనీ కనిపించాయి. పీజీ_బ్లాకింగ్_పిడ్స్ ఫంక్షన్‌తో ఎవరిని ఎవరు ఆపుతున్నారో ఒక్కొక్కటిగా వెనక్కి పట్టుకుంటూ పోతే, తనను ఎవరూ ఆపని ఒక సెషన్ చివరకు తేలింది. దాని స్టేట్ ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్, వెయిట్ ఈవెంట్ క్లయింట్‌రీడ్. అంటే ట్రాన్సాక్షన్ తెరిచి ఉంచి, ప్రోగ్రాం నుంచి తర్వాతి ఆదేశం కోసం ఊరికే ఎదురుచూస్తోంది. ట్రాన్సాక్షన్ మొదలై అప్పటికే 12 నిమిషాలు.

ఆ కంప్యూటర్ దగ్గరికి వెళ్లి చూస్తే ప్రింటర్‌లో కాగితం అయిపోయి ఉంది, గుమాస్తా ఉగ్గాని తినడానికి బయటికి వెళ్లాడు. ప్రోగ్రాం నంబరు పెంచి, తక్‌పట్టీ నమోదు చేసి, ప్రింటు పూర్తయ్యాకే కమిట్ (మార్పులను ఖరారు) చేసేలా రాసి ఉంది. కమిట్ అయ్యేదాకా ఆ రో మీది లాక్ అతని సెషన్ దగ్గరే ఉండిపోతుంది. అతని అప్‌డేట్ కొన్ని మిల్లీసెకన్లలోనే ముగిసింది కాబట్టి స్లో క్వెరీ లాగ్‌లో దాని జాడే లేదు. లాగ్‌కెక్కినవన్నీ అతని వల్ల ఆగిపోయినవాళ్ల క్వెరీలే.

సీక్వెన్స్ (పోస్ట్‌గ్రెసే నంబర్లిచ్చే సౌకర్యం) వాడితే రోల్‌బ్యాక్ అయినప్పుడు, అంటే ట్రాన్సాక్షన్ రద్దయినప్పుడు, మధ్యలో నంబర్లు ఎగిరిపోతాయని లెక్కలవాళ్లు ఒప్పుకోలేదు. అందుకని నంబరుండే ఆ రోను అలాగే ఉంచి, కమిట్ అయ్యాకే ప్రింటుకు పంపేలా మార్చాను. లాగ్_లాక్_వెయిట్స్ ఆన్ చేశాను. డెడ్‌లాక్_టైమవుట్ డిఫాల్టుగా 1 సెకను కనుక, అంతకు మించి లాక్ కోసం ఆగిన ప్రతి సెషన్ లాగ్‌లోకి వస్తుంది. ఐడిల్_ఇన్_ట్రాన్సాక్షన్_సెషన్_టైమవుట్‌ను 60 సెకన్లకు పెట్టాను. ఇది ట్రాన్సాక్షన్‌తో పాటు కనెక్షన్‌నే తెంచేస్తుంది కాబట్టి, మీ ప్రోగ్రాం మళ్లీ కనెక్ట్ కాగలదో లేదో ముందే పరీక్షించండి. మా దగ్గర మొదటి రోజు రెండు స్క్రీన్లు అలాగే బిగుసుకుపోయాయి.

మీ దగ్గర క్యూ మొదట్లో తేలిన సెషన్ స్టేట్ యాక్టివ్ అని ఉంటే మాత్రం సమస్య వేరు. అప్పుడు ఆ సెషన్ నడుపుతున్న క్వెరీ ఏదో చూసి, దాని ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌ను (క్వెరీ నిజంగా ఎలా నడిచిందో చూపే వివరం) బఫర్స్‌తో సహా ఇక్కడ పెట్టండి.